కోట ఖాళీ అయ్యాకే దయ్యాలు వచ్చాయి

ఆదోని కోట ఐదు గ్రానైటు గుట్టల మీద కట్టిన కోట. వాటిలో బారాకిల్లా, తాలిబండ అన్నవి ఎత్తయినవి. చుట్టూ ఉన్న మైదానం నుంచి సుమారు 800 అడుగులు లేస్తాయి. విజయనగర రాజుల నాటి నుంచి టిప్పు సుల్తాన్ దాకా నాలుగు వందల ఏళ్ళు ఆ గుట్టల మీద సైన్యం మకాం ఉంది. ఇప్పుడు గోడలు కూలి, గదుల్లో ముళ్ళచెట్లు మొలిచాయి. రాయలసీమలో ఇలా పాడుబడిన కోట ఏదైనా సరే, దాని చుట్టూ వినిపించే కథలు ఇంచుమించు ఒకటే వరస: రాత్రిపూట చప్పుళ్ళు, గుట్ట మీద కదిలే వెలుగులు, నేలమాళిగలో నిధి, దాన్ని కాపలా కాసే భూతమో పామో, లోపలికి పోయి తిరిగి రానివాళ్ళు. ఈ కథల్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళు ఒకవైపు, అక్షరాలా నమ్మి గడ్డపారలు పట్టుకుని పోయేవాళ్ళు మరోవైపు. ఇద్దరూ కథను సరిగ్గా వినడం లేదని నా వాదన. కోటలో మనిషికి కలిగే భయానికి ఆ రాయి, ఆ గాలి, ఆ చీకటి కారణం. ఆ భయానికి ఏ రూపం వస్తుందన్నది మాత్రం ఆ సీమ చరిత్ర తేలుస్తుంది. ఈ రెంటినీ విడదీసి చూస్తే దయ్యం కథ కూడా సాక్ష్యంగా పనికొస్తుంది.

దయ్యాల కోటలంటే ప్రపంచానికి ముందు గుర్తొచ్చేది స్కాట్లాండు. అక్కడి గ్లామిస్ కోటలో ఎవరికీ తెలియని రహస్య గది ఒకటుందని, అతిథులు ఒకసారి ప్రతి కిటికీకీ తువ్వాలు వేలాడదీసి బయటికొచ్చి చూస్తే తువ్వాలు లేని కిటికీలు కనిపించాయని కథ. అదే కోట ప్రార్థనా మందిరంలో బూడిదరంగు దుస్తుల స్త్రీ ఒకతె తిరుగుతుందని, ఆమె మంత్రగత్తె అన్న నెపంతో సజీవ దహనమైన లేడీ గ్లామిస్ అని చెబుతారు. చరిత్రలో ఆమె నిజంగానే ఉంది. పేరు జానెట్ డగ్లస్. 1537లో ఎడిన్‌బరోలో ఆమెను కాల్చి చంపించినవాడు ఐదో జేమ్స్ రాజు. కానీ ఆమె మీద మోపిన నేరం మంత్రవిద్య కాదు, రాజుకు విషం పెట్టించే కుట్ర. డగ్లస్ వంశం మీద రాజుకు పాత పగ ఉంది. ఆమె పోయాక గ్లామిస్ కోటను ఆయనే స్వాధీనం చేసుకున్నాడు. కథ నేరం పేరు మార్చేసింది, కానీ అన్యాయం జరిగిందన్న సంగతిని మాత్రం దాదాపు ఐదు వందల ఏళ్ళుగా వదలకుండా పట్టుకుంది. కథలో వివరాలు తప్పిపోవచ్చు, దాని అడుగున ఉన్న బాధ తప్పిపోదు. ఆదోనిని చూసేటప్పుడు ఈ కొలమానం పనికొస్తుంది.

ఆదోని చరిత్రంతా ముట్టడుల చరిత్రే. బహమనీ సుల్తాన్ ముజాహిద్ షా 1375 ప్రాంతంలో ఈ కోటను తొమ్మిది నెలలు చుట్టుముట్టాడని, లోపల నీళ్ళు అయిపోవచ్చి లొంగిపోయే గడియలో పెద్ద వాన కురిసి గుండాలు నిండాయని, బయట శిబిరంలో తిండి కరువై, విరేచనాలు పట్టుకుని సుల్తానే వెనుదిరిగాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆయన రాసింది రెండు శతాబ్దాల తర్వాత గనుక ప్రతి వివరాన్నీ నమ్మనక్కర్లేదు. కానీ గ్రానైటు గుట్ట స్వభావం తెలిసినవాళ్ళకు అది నమ్మదగిన కథే. ఈ రాతిలో నీరు ఇంకదు. పగుళ్ళలో, బండల మీది దోనల్లో పట్టినంతే. వాన పడితే గంటలో నిండుతాయి, పడకపోతే ఎండిపోతాయి. బారాకిల్లా సగం ఎత్తులో ఉన్న చెరువు ఎన్నడూ ఎండదని పాత గెజెటీరులో నమోదైన మాటను ఈ ముట్టడి పక్కన పెట్టి చదవాలి. దాహంతో చావబోయి బతికిన కోటకు ఎండని చెరువు కథ పుట్టడంలో వింత లేదు. తళ్ళికోట యుద్ధం తర్వాత, 1568లో, కోట బిజాపూరు చేతికి పోయింది. బిజాపూరు తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ మంత్రాలయంలో ఇప్పటికీ తలుచుకునే పేరు. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని ఇచ్చింది ఆయనేనని అక్కడి సంప్రదాయం. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ వచ్చి పడ్డప్పుడు, మసూద్ ఖాన్ తాను కట్టించిన జామియా మసీదు మీదికి ఫిరంగులు తిప్పడం చూసి, ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకున్న ఆ కట్టడం దెబ్బతినడం ఓర్వలేక కోట తాళాలు అప్పగించాడని చెబుతారు. మసీదు ఈనాటికీ నిలిచి ఉంది. చివరగా 1786లో టిప్పు సుల్తాన్. అప్పటికి కోట నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కుటుంబం చేతుల్లో ఉంది. సాయానికి వచ్చిన నిజాం, మరాఠా సేనలు తుంగభద్ర పొంగకముందే ఆడవాళ్ళనూ పిల్లలనూ నది దాటించాయి. ఖాళీ కోటలో అడుగుపెట్టిన టిప్పు గోడలు పడగొట్టించి, ఫిరంగులూ సామాన్లూ తరలించుకుపోయాడు. 1792లో కోట మళ్ళీ నిజాముకి వచ్చింది, 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి పోయింది. ఆ తర్వాత ఆ గుట్టల మీద సైన్యంతో ఎవరికీ పని లేకపోయింది. దయ్యాలు అక్కడ కాపురం పెట్టడానికి వీలు చిక్కింది అప్పటి నుంచే.

ముందు చప్పుళ్ళ సంగతి చూద్దాం. మే నెలలో ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య బండరాళ్ళ మీద అరికాలు ఆనదు. పగటి వేడికీ తెల్లవారుజాము చల్లదనానికీ మధ్య రాతి పైపొర ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. ఒక్క డిగ్రీకి గ్రానైటు మీటరుకు సుమారు 8 మైక్రోమీటర్లు సాగుతుంది. అంటే పది మీటర్ల బండ పైపొర 30 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగాలి. కానీ పగటి వేడి బలంగా తగిలేది జానెడు లోతుకే. లోపలి రాయి చల్లగానే ఉండి కదలనివ్వదు. పైపొర సాగాలనుకుంటుంది, కింది రాయి పట్టి ఆపుతుంది. ఈ పెనుగులాట వేల ఏళ్ళు సాగితే బండ ఉల్లిపొరల్లా పెచ్చులూడుతుంది. ఒక్కోసారి ఆ పగులు ఒక్కసారిగా, తుపాకీ పేలినట్టు వస్తుంది. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ట్వెయిన్ హార్ట్ దగ్గర ఒక గ్రానైటు గుట్ట జనం చూస్తుండగా పట్టపగలు పెళ్ళున పగిలింది. దాన్ని చిత్రీకరించారు, తర్వాత శాస్త్రవేత్తలు కొలతలు కూడా తీశారు. ఈజిప్టులో మెమ్నన్ విగ్రహం భూకంపంలో బీటలిచ్చాక తెల్లవారుజామున పాడుతుందని రోమన్లు ఓడలెక్కి వెళ్ళి వినేవాళ్ళు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలంలో మరమ్మతు చేశాక ఆ పాట ఆగిపోయింది. బీటలో చిక్కిన రాత్రి చెమ్మ ఎండకు ఆవిరవుతూ, రాయి సాగుతూ చేసిన చప్పుడు అదని ఇవాళ ఎక్కువమంది చెప్పే వివరణ. ఆదోని గుట్టల మీద ఫిరంగి పేలినట్టు విన్నామని ఎవరైనా చెబితే, అది అబద్ధమనడానికి నాకు కారణం కనిపించదు.

రాయి ఒక్కటే కాదు, ఆ గుట్టల్లో కాపురముండే జీవాలూ ఉన్నాయి. మన రాతికొండల్లో ఉండే పెద్ద గుడ్లగూబ గూడు కట్టదు. బండ అంచుల మీద, నెర్రెల్లో గుడ్లు పెడుతుంది. శీతాకాలం నుంచి వేసవి మొదలు దాకా దానికి పిల్లల కాలం. ముసలివాడెవరో లోతు గొంతుతో మూలిగినట్టు రెండు దరువుల్లో కూస్తుంది. పాడుబడ్డ గదుల్లో చేరే మరో గూబ తెల్లని ముఖంతో ఆడమనిషి కెవ్వుమన్నట్టు అరుస్తుంది. దీపం వెలుగులో చప్పుడు లేకుండా ఎగిరితే తెల్లచీర కదిలినట్టే ఉంటుంది. దుమ్ములగొండి ఎముకలు తెచ్చి గుహలో పోగేస్తుంది గనుక, పశువుల ఎముకలు కనిపించిన గుహ గురించి కథ పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. వీటికి తోడు రాత్రి గాలి. పొద్దుగూకాక నేల త్వరగా చల్లబడి, దాని మీది గాలి చల్లగా, ఆ పైది వెచ్చగా ఉంటుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగంగా పోతుంది గనుక పైకి పోవాల్సిన చప్పుడు కిందికి వంగి, మైళ్ళ దూరంలో పగలు వినపడనిది రాత్రి చెవి పక్కనే వినిపిస్తుంది. గుంతకల్లు నుంచి రాయచూరు వైపు పోయే రైలు, ఊళ్ళో డప్పు, పొలంలో ఎవరో వేసిన కేక బండల మధ్య తిరిగి తిరిగి ఎటునుంచి వచ్చాయో తెలియకుండా పోతాయి. వెలుగుల గురించి పాఠ్యపుస్తకాల్లో ఉండే వివరణ చిత్తడినేల వాయువు. కొరివి దయ్యానికి అది చెబుతారు. ఎండు గ్రానైటు గుట్టకు ఆ వివరణ అతకదు. గొర్రెల కాపరుల నెగళ్ళు, మొక్కుకి వెలిగించిన దీపాలు, దొంగతనంగా తవ్వేవాళ్ళ టార్చిలైట్లు ఇక్కడ ఎక్కువ నమ్మదగినవి.

ఇంతమంది ఇన్ని తరాలుగా చెబుతుంటే అందరూ అబద్ధమాడారా అని అడిగేవాళ్ళున్నారు. ఆడలేదు. ఎడిన్‌బరోలో సౌత్ బ్రిడ్జి కింది నేలమాళిగల్లోనూ, లండన్ దగ్గరి హాంప్టన్ కోర్టు భవనంలోనూ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం జరిపిన పరిశోధనలు 2003లో అచ్చయ్యాయి. సందర్శకుల్ని ఒక్కో చోట నిలబెట్టి ఏమనిపించిందో రాయమన్నారు. దయ్యాలకు పేరుపడ్డ చోట్లలోనే ఎక్కువమంది చలి, ఎవరో ఉన్నట్టు అనిపించడం వంటివి రాశారు. ఆ చోటికి అలాంటి పేరుందని ముందే తెలియడం దీనికి కారణం కాదని లెక్కల్లో తేలింది. వెలుతురు తీరు, గది పరిమాణం వంటివి ఆ అనుభవాలతో ముడిపడి ఉన్నాయి. అంటే చోటులోనే ఏదో ఉంది. ఇక్కడ విజ్ఞానం పేరుతో తొందరపడేవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. చెవికి వినపడనంత మంద్ర ధ్వని వల్లే దయ్యాలు కనిపిస్తాయని పత్రికల్లో తరచూ రాస్తారు. 1998లో విక్ టాండీ అనే ఇంజినీరు తన ప్రయోగశాలలో కనిపించిన బూడిదరంగు ఆకారానికి సెకనుకు 19 కంపనాల మంద్ర ధ్వని పుట్టించిన ఫ్యాను కారణమని రాసినప్పటి నుంచి ఈ మాట బాగా వ్యాపించింది. కానీ లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ కళాశాల పరిశోధకులు ఖాళీ గది ఒకటి కట్టి, అందులో మంద్ర ధ్వనినీ అయస్కాంత క్షేత్రాలనూ పెట్టి, తీసి చూస్తే, చాలామందికి వింత అనుభవాలు కలిగాయి గాని అవి ధ్వని ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడలేదు. ఇక్కడ ఏదో జరగొచ్చని ముందే చెప్పడం, మనిషి తత్వం, ఈ రెండే సరిపోయాయి. కాబట్టి దయ్యానికి బదులు మంద్ర ధ్వనిని కూర్చోబెట్టడం వివరణ కాదు. పేరు మార్చడం మాత్రమే.

రాయలసీమ కథల్లో స్కాట్లాండులో అంతగా కనిపించనిది ఒకటుంది. ఇక్కడి దయ్యం తిరుగుతూ కనిపించి భయపెట్టి ఊరుకోదు; లోపలికి దిగినవాణ్ణి చంపుతుంది. నేలమాళిగలోకి ఒకడు దిగుతాడు, రాడు; వాణ్ణి వెతకడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ రాడు. ఈ తీరు కల్పన కాదు, రైతులకు అనుభవమే. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు వైపు నల్లరేగడి ఊళ్ళలో జొన్నల్ని నేలలో తవ్విన పాతరల్లో దాచేవాళ్ళు. మూసిన పాతరలో గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ వాడుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. పురుగు చచ్చి గింజ నిలవుండడానికి అదే కారణం. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 16 దగ్గరికి పడితే దీపం ఆరిపోతుంది, 10కి పడితే మనిషి స్పృహ తప్పుతాడు, 6కి పడితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. బొగ్గుపులుసు వాయువు గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు గనుక గొయ్యి అడుగునే పరుచుకుని ఉంటుంది. పాతర తెరిచాక చాలాసేపు వదిలేసి, దీపం దింపి చూసి, అది ఆరకపోతేనే దిగాలని పెద్దలు చెప్పింది అందుకే. కోటల్లోని పూడిన బావులు, ఆకులు కుళ్ళిన మాళిగలు, ఏళ్ళ తరబడి మూతపడ్డ ధాన్యపు కొట్లు కూడా ఇలాంటి పాతరలే. టర్కీలో హియరాపోలిస్ అనే ప్రాచీన నగరంలో పాతాళ ద్వారమని పేరుపడ్డ గుహ ఉంది. అందులోకి పిచ్చుకల్ని వదిలితే వెంటనే చచ్చిపడ్డాయని రెండు వేల ఏళ్ళ కింద గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. ఇటీవల అక్కడ గాలిని కొలిస్తే నేల చీలికల్లోంచి ఊరే బొగ్గుపులుసు వాయువు ఇప్పటికీ ప్రాణాంతకంగానే ఉంది. ఇంకొక సంగతి మరీ విచిత్రం. మెదడులో భయానికి కీలకమైన భాగం దెబ్బతిని, పాముల్ని చూసినా భయానక సినిమాలు చూసినా భయమే తెలియని రోగుల చేత అయోవా విశ్వవిద్యాలయంలో బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలి పీల్పిస్తే వాళ్ళు హడలిపోయారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆ గాలి మనిషిని చంపే ముందు భయపెడుతుంది. కాపలా భూతం గురించి చెప్పిన తాత తప్పు చెప్పలేదు; చీకటి గొయ్యిలో కంటికి కనిపించనిది, మొదట గుండె దడ పుట్టించి తర్వాత ఊపిరి తీసేది నిజంగానే ఉంది.

ఇక నిధి. ఇక్కడే కథ ప్రమాదకరంగా మారుతుంది. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో గుప్తనిధి కోసం ప్రభుత్వమే తవ్వకాలు మొదలుపెట్టింది. గ్రామస్థులు అడ్డుపడ్డారు, పత్రికలు రోజూ రాశాయి. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి గాని నిధి రాలేదు. నిధులు అసలే ఉండవని నేను అనడం లేదు. బ్యాంకులు లేని కాలంలో, దండు వస్తోందంటే ఊరొదిలి పోవాల్సిన సీమలో, జనం నగలూ నాణేలూ పాతిపెట్టారు. కొందరు తిరిగి రాలేదు. అలా పాతినవి చాలాచోట్ల బయటపడుతుంటాయి గనుకే 10 రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878లో చట్టం చేశారు. అది ఇంకా అమల్లో ఉంది. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి వజ్రాలు వెతికే జనానికి అప్పుడప్పుడు దొరకడం కూడా నిజమే. కానీ ఆదోని లాంటి కోటలో నిధి మిగిలి ఉండే అవకాశం పక్క పల్లెలోని పాత ఇంటి గోడలో కన్నా తక్కువ. ఎందుకంటే ఈ కోట ఇన్నిసార్లు చేతులు మారింది. గెలిచినవాడి మొదటి పని ఖజానా వెతకడం. వాడికి కావలసినంత సమయం ఉంది, కూలీలున్నారు, దాచినచోటు చెప్పించడానికి ఖైదీలున్నారు. బిజాపూరు వాళ్ళు, మొఘలులు, టిప్పు, నిజాము, కంపెనీ – ఇంతమంది చేతుల్లో నలిగిన కోటలో ఇవాళ ఇద్దరు మనుషులు అమావాస్య రాత్రి గడ్డపారతో తీయగలిగింది ఇంకా ఉందనడం ఆ చరిత్రకే విరుద్ధం. ఆ వేట వల్ల నష్టం మాత్రం చాలా ఉంది. సీమలో గుళ్ళ ముందరి నందుల్ని పగలగొట్టారు, శాసనాల రాళ్ళను పెకలించారు, నరబలి భయం పుట్టించారు. పగిలిన శాసనంతో పాటు పోయే ఊరి పేరు, చెరువు పేరు, దానమిచ్చినవాడి పేరు మళ్ళీ దొరకవు. నిధి అన్నది ఏదైనా ఉంటే అది ఆ రాతల్లోనే ఉంది, దాన్నే వీళ్ళు పగలగొడుతున్నారు.

కథల్ని ఇలా రాయిగా, గాలిగా, గూబగా విడదీస్తే వాటిలో మిగిలేదేమిటని పెద్దలు బాధపడతారు. అది న్యాయమైన ప్రశ్న. నాకు కనిపించే జవాబు ఇది: మన నమ్మకంలో దయ్యమయ్యేది ఆయువు తీరకుండా, కర్మలు జరగకుండా పోయినవాడు. ఆదోని చరిత్రలో పేర్లున్న నవాబులకు సమాధులున్నాయి; వాళ్ళెవరూ దయ్యాలు కానక్కర్లేదు. తొమ్మిది నెలల ముట్టడిలో విరేచనాలతో శిబిరంలో పోయిన గుర్రపు కాపరికి సమాధి లేదు. గోడ కట్టిన కూలీకి లేదు. 1876 నుంచి 78 దాకా సాగిన ధాత కరువులో పోయినవాళ్ళకు అసలే లేదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు, ఆదోని అప్పుడున్న బళ్ళారి జిల్లా కూడా అదే దారి పట్టింది. పాతరలో జొన్నలు దాచిన సీమలో పాతరలు ఖాళీ అయి ఊళ్ళకు ఊళ్ళు పోయాక, భూమి కింద దాచినదాన్ని ఎవరో కాపలా కాస్తున్నారన్న ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో నేను రుజువు చేయలేను. కానీ ఆ ఊహకు ఇంతకన్నా దగ్గరి తావు నాకు కనిపించడం లేదు. ఇదే సీమలోని దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవంలో, దేవుడి చేతిలో ఓడిన రాక్షసులకిచ్చిన మాట కోసం పూజారి రక్తం అర్పించడాన్ని తలుచుకున్నా, ఈ సీమ తన చనిపోయినవాళ్ళకు, ఓడినవాళ్ళకు సైతం బాకీ ఉన్నట్టే నడుచుకుంటుందని తెలుస్తుంది.

అందుకే ఈ కథల్ని సేకరించేవాళ్ళు, ముఖ్యంగా కాలేజీల్లో చరిత్ర, భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలు, దయ్యం ఏం చేసిందన్నదానితో ఆగకుండా ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని గంటలకు అన్నవి కూడా రాసుకోవాలి. ఫిరంగి పేలిన చప్పుడు నిజంగా రాతిదైతే అది ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం తర్వాతో పొద్దుగూకాకో ఎక్కువ వినబడాలి, ముసురు రోజుల్లో తగ్గాలి. మూలుగు గూబదైతే చలికాలంలో పెరగాలి, ఏటా అదే బండ వైపు నుంచి రావాలి. దూరపు కేకలు చెవి దగ్గర వినిపించడం గాలి ఆడని రాత్రుల్లోనే జరగాలి, ఈదురుగాలి రోజున జరగకూడదు. మనుషులు పడిపోయారని చెప్పే గొయ్యిలోకి ఎవరూ దిగకుండా, ఆక్సిజన్ కొలిచే చిన్న యంత్రాన్ని తాడుతో దింపితే చాలు. బావులు పూడిక తీసేవాళ్ళ దగ్గర ఇప్పుడా యంత్రాలు ఉండి తీరాలి కూడా. ఈ లెక్కలకు లొంగని కథలు కొన్ని తప్పక మిగులుతాయి. అవి కనిపించిన చోట, ముట్టడి దండు విడిది చేసిన మైదానం ఎటుందో, కరువునాటి గంజి కేంద్రం ఎక్కడుందో, పాత పటాల్లో వెతకడం మొదలుపెట్టవచ్చు.